సూది చేసిన పని

అత్తగారు కోడలి బట్టలు సంచిలో కుక్కుతోంది. కోడలికి మూడో నెల.

"కడుపుతో ఉన్నదాన్ని ఎక్కడికి పొమ్మంటావమ్మా?" అడ్డం పడ్డాడు బస్సు డ్రైవరైన కొడుకు.

"ఎక్కడ అంటించుకుందో అక్కడికే!"

ఆ ఉదయం ప్రసూతి ఆస్పత్రిలో రక్తపరీక్ష చేస్తే హెచ్‌ఐవి ఉందని వచ్చింది. నర్సు గొంతు తగ్గించి చెప్పినా, పక్కనే కూర్చున్న అత్తగారి చెవిన పడనే పడింది.

"జబ్బూ లేదు, గిబ్బూ లేదు" అన్నాడు డ్రైవరు. "టీకా ప్రయోగానికి వెళ్ళిందిగా! ఆ టీకా పడితే జబ్బు లేకపోయినా పరీక్షలో ఉన్నట్టు చూపించొచ్చని డాక్టరమ్మే చెప్పింది. అది సూది చేసిన పని."

కోడలి తమ్ముడు ఆ జబ్బుతోనే పోయాడు. ఇంకెవరి తమ్ముడూ అలా పోకూడదని టీకా పరిశోధనకు పేరిచ్చింది. "నువ్వొక్కదానివేనా? నేనూ వేయించుకుంటా" అంటూ భర్త కూడా వెంట వచ్చాడు. ఇద్దరి రక్తమూ తీసుకున్నారు. తర్వాత అతన్ని ఒక్కణ్ణే లోపలికి పిలిచి చాలాసేపు మాట్లాడారు.

"బీపీట, నేను పనికిరానట" అని నవ్వుతూ బయటికొచ్చాడు. ఆమె ఎంత పోరినా, ఆ బీపీకి ఇవాళ్టిదాకా ఒక్క మాత్ర మింగిన పాపాన పోలేదు.

పరిశోధన ముగిసేదాకా పిల్లలు వద్దన్నారు. ఇద్దరూ జాగ్రత్తగానే ఉన్నారు. ముగిశాకే ఈ కడుపు.

"ఆ డాక్టరమ్మ నా ఎదురుగా చెప్పాలి" అంది అత్తగారు. "అప్పుడే నా గడప తొక్కనిస్తా."

"పదండి, చెప్పిస్తాను" అంది కోడలు.

"అంతదూరం ఎందుకే? నేను చెబుతున్నాగా" అన్నాడు డ్రైవరు. ఆగమని ఇద్దరినీ బతిమాలాడు. వినకపోయేసరికి, డ్యూటీ ఉందంటూ చెప్పులు వేసుకున్నాడు.

పరిశోధన కేంద్రం వరండాలో ఫినాయిలు వాసన. అత్తగారు రెండు కుర్చీల అవతల కూర్చుంది. కోడలు ఆస్పత్రి కాగితాన్ని మడుస్తూ, విప్పుతూ కూర్చుంది. తప్పు చేయనిదాన్ని, నాకెందుకు భయం అని తనని తానే కసురుకుంది.

డాక్టరమ్మ ఇద్దరినీ లోపలికి పిలిచి ఆస్పత్రి కాగితం చూసింది, కంప్యూటరు చూసింది. లేచి వచ్చి కోడలి చెయ్యి పట్టుకుంది.

"అది సూది వల్లేనని మా అత్తగారికి ఒక్క మాట చెప్పండి మేడం."

"టీకా పడ్డవాళ్ళకే అలా చూపిస్తుందమ్మా. పోల్చి చూడటానికి సగం మందికి అసలు టీకాయే వెయ్యబోమని మొదట్లోనే చెప్పాం. ఎవరికేది వేశామో అప్పుడు మాకూ తెలీదు."

"ఇప్పుడు తెలిసిందిగా మేడం, చెప్పండి."

"మీకు వేసినవన్నీ ఉత్త ఉప్పునీళ్ళమ్మా."