లోతు నీళ్లలో ఎర్రచొక్కా

“మావాడి పడవ అంత లోతుకు పోతా ఉందేంది పోలయ్యా? కింద ఏముందో ఎవురు చూసినారు?”

పిచ్చమ్మ గట్టు మీద కూర్చోలేదు. కూర్చుంటే ఏదో అయిపోతుందన్నట్టు నిలబడే ఉంది. పక్కన ఆ ఊరి జాలరి చిన్నపోలయ్య చిరిగిన వల ఒళ్లో పరుచుకుని కుట్టుకుంటున్నాడు.

“కింద మునిగిన చింతతోపు ఉంది వదినా. దెయ్యాలేమన్నా ఉన్నా, ఈపాటికి ఈత నేర్చేసుంటాయిలే.”

ఆమెకు నవ్వు రాలేదు. మైపాడులో మొగుణ్ణి సముద్రం మింగేశాక, కొడుకు పెంచల్‌ను ఉప్పునీళ్లకు దూరంగా తీసుకుపోవాలని పట్టుబట్టింది తనే. కోడలు ఉష పుట్టిల్లు ఈ కండలేరు డ్యాం గట్టునే. ఉష తండ్రి పోతూ పోతూ వదిలిపెట్టిన పడవ కూడా ఉంది. అలల్లేని నీళ్లు కదా అని ధైర్యంగా వచ్చేసింది. వచ్చాక అలల్లేని నీళ్లంటేనే ఎక్కువ భయం పట్టుకుంది. సముద్రం కోపమొస్తే అరుస్తుంది. ఇది నోరు మెదపదు.

ఇన్నాళ్లూ ఇంట్లో కూర్చునే దిగులుపడేది. రాత్రి పాడుకల వచ్చేసరికి ఈరోజు ఎవరికీ చెప్పకుండా గట్టుకు నడిచొచ్చింది. అప్పటికే పడవ దూరమైపోయింది. పొరలు కమ్మిన కళ్లకు ముఖం ఆనలేదు. తిరునాళ్లలో తాను కొడుక్కి కొన్న ఎర్రచొక్కా, తలగుడ్డ మాత్రం కనబడ్డాయి. అంతే చాలనుకుంది.

“ఒరే అబ్బయా! అంచుకు వంగబాక!”

“అరవబాక వదినా. గాలం దిగినాక పడవలో నోరు విప్పరు ఈడ. మాట పడవ చెక్కకు తగిలిందా, పండుగప్ప చేప అడుక్కి జారిపోద్ది. తువ్వాలు ఊపితే బాగుండామని అర్థం.”

దూరాన ఎర్రచొక్కా భుజం మీది తువ్వాలు తీసి ఊపింది. పిచ్చమ్మ గుండె కాస్త నిమ్మళించింది.

“ఇప్పుడేం చేస్తా ఉండాడు?”

“రాయి కట్టిన తాడు దిగతా ఉంది. తాడు వదులైన కాడ చెట్టు తల ఉన్నట్టు. ఆ పక్కనే గుంత. ఎండ వాలేటప్పుడు పండుగప్ప ఆ కొమ్మల నీడన నిలబడి, పైన తిరిగే పరిగె పిల్లచేపల కోసం కాచుకోనుంటది. ఆ చోటు కనిపెట్టడం అందరివల్లా అయ్యే పని కాదు. డ్యాం నిండినకాడి నుంచి ఈ నీళ్ల మీదుండా, నాకే తెలీదు. ఆ బుర్రలో మాత్రం మునిగిన తోపు కొమ్మ కొమ్మా నిలబడే ఉంది.”

“తండ్రి పోలిక,” అంది పిచ్చమ్మ పొంగిపోతూ.

“అచ్చం తండ్రి పోలికే,” అన్నాడు పోలయ్య వల మీది నుంచి తలెత్తకుండా.

“ఆ చేప మొప్ప అంచు కత్తంట కదా? అయినా మావాడి అరచేతిలో ఒక్క గాటుండదు పోలయ్యా. అదీ పనితనమంటే! మా ఉష ఉంది చూడు, పొద్దున్నే చేపలపెట్టె ఆటోలో ఏసుకుని చిల్లకూరుకు అమ్మబోయి పొద్దుగూకినాకే వస్తది. ఇంటికొచ్చి కూరగాయలు తరిగేదానికే చేతులు కోసుకుంటది. ఎప్పుడు చూడు, అరచేతికి గుడ్డ చుట్టుకునే వడ్డిస్తది.”

పోలయ్య దగ్గాడు. “అంత దిగులైతే నా పడవెక్కు వదినా. దగ్గరకు తీసకపోయి చూపిస్తా.”

“ఆడమనిషి పడవెక్కేదా! మా పేటలో గట్టు మీది నుంచే దండం పెట్టుకుంటాం. కోడలు కాపరానికొచ్చిన రోజే దానికీ ఈ మాట చెప్పినా.”

“చెప్పినావులే.” పోలయ్య మీసాల్లో ఏదో కదిలింది. అంతలోనే వల వదిలేసి లేచాడు. “పడింది వదినా! పెద్దది పడింది!”

పడవ ముక్కు గిరుక్కున తిరిగింది. ఎర్రచొక్కా వెనక్కి వాలి కాళ్లు తన్నిపట్టింది.

“దారం వదులైతే అది పైకెగిరి తల విదిలిస్తది, మొప్పతో తెంపేసుకుని పోతది. బిగిస్తే పుటుక్కుమంటది. చూడు, చూడు! ఎంత ఒడుపుగా దారం ఇస్తా ఉందో ఆ చెయ్యి! అలిసిపోనీ తల్లీ, అలిసిపోనీ,” అని పడవవైపు చూస్తూ గొణిగాడు పోలయ్య.

పిచ్చమ్మ భయం కూడా మరిచి నోరు తెరుచుకుని చూసింది. పడవను ఈడ్చుకుపోతున్న ప్రాణం ఒకవైపు, వేళ్ల మధ్య సన్నటి దారం ఒకవైపు. తన కడుపున పుట్టినవాడికి ఇంత నిబ్బరం ఎక్కడిది? చిన్నప్పుడు కాలవ దాటాలన్నా తన కొంగు పట్టుకునేవాడు.

చూస్తుండగానే పడవ కొండ మలుపు చాటుకు పోయింది.

తువ్వాలు కనబడలేదు. పడమటి గాలి లేచింది. నీళ్ల మీద నల్లటి ముడతలు పడ్డాయి.

“అబ్బయా!”

పిచ్చమ్మ మళ్లీ మళ్లీ పిలిచింది.

“వస్తాది వదినా, పడవ వస్తాది. ఉండు,” అన్నాడు పోలయ్య. ఆ గొంతులో ఇందాకటి వెటకారం లేదు.

ఆ రోజు మైపాడు ఒడ్డునా ఇలాగే అన్నారు. ఆ రోజూ గొంతు పోయేదాకా పిలిచింది. పలికినవాడు లేడు. పిచ్చమ్మ చెప్పులు వదిలేసింది. మొగుడు పోయినప్పటి నుంచి పాదం కూడా తడవనివ్వని మనిషి నీళ్లలోకి దిగింది. మోకాళ్లు మునిగాయి. నడుము మునిగింది.

“వదినా! అడుగు ముందర గుంతుంది, ఆగు!” పోలయ్య వెనక నుంచి పరిగెత్తుకొచ్చాడు.

“చేప పోతే పోనీరా! ఒక్క మాట... ఒక్క మాట పలకరా నాయనా!”

గాలి తప్ప ఏమీ పలకలేదు. చాలాసేపటికి మలుపు చాటు నుంచి పడవ ముక్కు మెల్లగా బయటకొచ్చింది. అందులో ఎర్రచొక్కా నిటారుగా నిలబడి ఉంది. కాళ్ల దగ్గర పండుగప్ప వెండి పళ్లెంలా మెరుస్తోంది. నీళ్లలో నడుములోతున ఉన్న పిచ్చమ్మను చూసి, రెండో గాలం ఇంకా నీళ్లలో ఉండగానే, ఆ మనిషి నోరు విప్పింది.

“ఆడే ఆగు అత్తా, వస్తా ఉండా!”