గ్లాసు కింద పాచిక

“వంతెన తెగి పడ్డవాడు ప్రాణం పాచిక వేయాల్సిందే. రూలు రూలే!” అన్నాడు దర్జీ, బల్లను అరచేత్తో చరిచి.

ఆదివారం మధ్యాహ్నం. దర్జీ కొట్టు షట్టరు సగం దించి ఉంది. గుడ్డలు కత్తిరించే బల్ల మీద నల్లగుడ్డ పరిచి, సుద్దతో నదినీ, లోయనూ, తెగిన వంతెననూ గీశారు. మందుల షాపతను కథ చెబుతాడు. మిగతావాళ్లు తలో వీరుడిలా మాట్లాడుతూ, పాచికలు వేస్తూ ఆ కథలో ముందుకు నడుస్తారు. అదీ ఆట.

“నీకు రూల్సు అని ఊరికే పేరు పెట్టలేదురా” అంది బేకరీ అమ్మాయి. “కథ బాగుండాలి గానీ పుస్తకంలో ఏముంటే ఎవడిక్కావాలి? ఏ చెట్టుకొమ్మో పట్టుకున్నాడనుకుందాం.”

“ఎప్పుడు చూడు కొమ్మలే! వాడి మీదికొచ్చిన బాణం పక్కకి పోతుంది, పులొస్తే వాసన చూసి పోతుంది. మనిద్దరికీ ఒళ్లంతా దెబ్బలు, వాడికి గీత కూడా పడదు. చావు లేనివాడితో ఆటేంటి?”

అనేసి నాలుక కరుచుకున్నాడు.

బల్లకు ఆ చివర గోడవైపు కుర్చీలో పెద్దావిడ కూర్చుని ఉంది. ఆ కుర్చీ ఆమె కొడుకుది. లోయలో పడ్డ బాటగాడు అతను ఆడిన పాత్రే. అతను మంచాన పడి, చాలాకాలం బాధపడి చనిపోయాడు. ఆ తర్వాత ఒక ఆదివారం ఆమె వచ్చి, “వాడి ఆట నేనాడతాను, నేర్పండర్రా” అంది. అప్పట్నుంచీ బాటగాడికి ఏమీ కాకుండా మందుల షాపతను కథ చెబుతున్నాడు.

“పిన్నీ, నా ఉద్దేశం అది కాదు...” అన్నాడు దర్జీ.

“తప్పేం లేదులే నాన్నా. మీరిద్దరూ దాటేదాకా బాటగాడు వంతెన తాడు వదలడన్నది నేనేగా. పడ్డాడు. పడినవాడి రూలేంటో చెప్పు.”

దర్జీ గొంతు తగ్గింది. “నాలుగూ, ఆపైన పడితే బతుకుతాడు. తక్కువైతే... లేదు.”

“బతికితే లేచి నడుస్తాడా?”

మందుల షాపతను ఆట రూల్సు పుస్తకం తిరగేశాడు. “నడవడు పిన్నీ. నడుం విరిగినట్టే. కథ అయ్యేదాకా వీళ్లిద్దరూ మోయాలి.”

“మరి నొప్పి?”

“నొప్పికి రూలు లేదు. ఇందులో రాయలేదు.”

“రాసినాయన ఎవరి మంచం పక్కనా కూర్చుని ఉండడు” అందామె. “పైవాడి పుస్తకంలోనైనా ఉందో లేదో. రోజూ దీపం పెట్టి అడుగుతాను. చెప్పడు.”



ప్రాణం పాచికకు వాళ్లకో పద్ధతి ఉంది. పాచికను స్టీలు గ్లాసులో వేసి, ఆడించి, బల్ల మీద బోర్లించాలి. ఎవరి పాత్రో వాళ్లొక్కరే అంచు ఎత్తి చూడాలి. వాళ్లు చెప్పిందే మాట. ఇంకొకరు చూడకూడదు, అడగకూడదు.

బేకరీ అమ్మాయి ఆమె చెవి దగ్గరికి వంగింది. “పిన్నీ, ఎంత పడినా ఆరని చెప్పెయ్. నీకు పుణ్యముంటుంది.”

ఆ మాట దర్జీకీ వినపడింది. ఈసారి రూలు మాట్లాడలేదు. కొలతల టేపు వేలికి చుట్టుకుంటూ తల దించుకున్నాడు.

పెద్దావిడ గ్లాసును కళ్లకద్దుకుని, ఆడించి బోర్లించింది. అంచు ఎత్తి చూసింది. చాలాసేపు చూసింది. మెల్లగా దించి, జ్వరం వచ్చిన బిడ్డ నుదుటి మీద వేసినట్టు గ్లాసు మీద చెయ్యి వేసింది.

“పోయాడు” అంది.

బేకరీ అమ్మాయి వెక్కివెక్కి ఏడ్చింది. మందుల షాపతను పుస్తకం మూసేశాడు.

“ఇంకోసారి వెయ్యి పిన్నీ!” అన్నాడు దర్జీ. “చెయ్యి జారిందనుకుందాం. ఇది చెల్లదు!”

“నువ్వేనట్రా రూల్సు?” అని తడికళ్లతోనే నవ్విందామె. లోయలో బాటగాడి గుర్తుగా పెట్టిన సుద్దచుక్కను కొంగుతో తుడిచింది. “వచ్చేవారం నాకో కొత్త పాత్ర ఇవ్వండర్రా. ముసలిదైనా పర్లేదు, కీళ్లనొప్పులు మాత్రం వద్దు.”

ఆమె వెళ్లిపోయింది. మందుల షాపతను తోడు వెళ్లాడు. బేకరీ అమ్మాయి బయట చెప్పులు వేసుకుంటోంది. నల్లగుడ్డ మడతపెట్టడానికి దర్జీ గ్లాసు ఎత్తాడు. ఎత్తినవాడు ఎత్తినట్టే నిలబడిపోయాడు.

షట్టరు కింద నుంచి బేకరీ అమ్మాయి తల వంచి చూసింది. “అడక్కూడదని తెలుసు. ఎంత పడిందిరా?”

“ఒకటి” అన్నాడు దర్జీ, ఆరు చుక్కలు పైకి చూపిస్తున్న పాచికను గుప్పిట్లో మూసుకుంటూ.