వెనక సీటులో తలగడలు

"ఇంకాస్త వదులు చెయ్యి. కుదుపు తగిలిందంటే మొదటి మలుపులోనే దిగిపోతానని గోల పెడుతుంది" అంటున్నాడు ఎర్మెక్.

మెకానిక్ షెడ్డు తలుపు పక్కన నిలబడి విన్న సైరాగుల్ ఇంకా దగ్గరికి జరిగింది. ఎవరు గోల పెట్టేది?

కొడుకు ఎర్మెక్ కారు సంగతి కొండల మధ్య ఉన్న నారిన్ ఊరంతటికీ తెలుసు. నేలకు ఆనేంతగా దించి, రాయిలాంటి స్ప్రింగులు వేయించాడు. గులకరాయి మీదికి ఎక్కినా పళ్ళు కదిలేవి. తల్లి ఎంత మొత్తుకున్నా వినలేదు. అలాంటివాడు ఇప్పుడు రోజూ మెకానిక్ కుబత్ దగ్గరే కూర్చుని ఆ కారునే మెత్తగా చేయిస్తున్నాడు. వెనక సీటులో రెండు తలగడలు, ఉన్ని కంబళి. అవి చూసి కూడా మనసుకు సర్దిచెప్పుకుంది. కానీ ఈ పొద్దున పెట్టె తీస్తే, తలకు కట్టుకునే తన తెల్ల రుమాలు లేదు.

పిల్లను కారులో ఎత్తుకొచ్చి తలమీద తెల్ల రుమాలు కప్పేస్తే పెళ్ళయిపోయినట్టే అనుకునే మగవాళ్ళు ఆ కొండల్లో ఇంకా ఉన్నారు. పక్కవీధి కుర్రాడు ఆ పని చేసే జైలుకు పోయాడు. వాడి తల్లి రొట్టెలు మూటగట్టుకుని జైలు చుట్టూ తిరుగుతోంది. ఆ పిల్లయితే ఇప్పటికీ వాకిట్లోకి రావడం లేదట.

సైరాగుల్ తలుపు సందులోంచి చూసింది. కుబత్ కారు కింద దూరి స్ప్రింగు బిగించిన రింగును కొంత సడలించాడు. పైన ఉన్న మరను మెత్తవైపు తిప్పాడు. తర్వాత పింగాణీ గిన్నె నిండా పులిసిన గుర్రప్పాలు పోసి వెనక సీటులో పెట్టారు. సందులో రాళ్ళూ గుంటలూ వెతికి మరీ వాటి మీదుగానే కారు తిప్పి తెచ్చారు.

"చుక్క ఒలకలేదు. తనకు ముందే చెప్పావా మరి?" అడిగాడు కుబత్.

"చెబితే వస్తుందా? ఏదో మాయ చేసి ఎక్కించాలి. ఎక్కాక ఏడ్చినా ఆపేది లేదు. ఇవాళ తప్పితే మళ్ళీ కుదరదు."

"తలుపు పక్కన నేను కూర్చుంటాలే."

పోలీసుల దగ్గరికి పరిగెత్తాలనిపించింది ఆమెకు. కానీ కన్నకొడుకును ఏ నోటితో పట్టిస్తుంది? వాళ్ళు గిన్నె తీసి పక్కన పెట్టగానే విసురుగా లోపలికి వెళ్ళి, కారు తలుపు తీసి, వెనక సీటులో కూర్చుంది.

ఎర్మెక్ నోరు తెరిచాడు. "అమ్మా, ఆ నడుంతో ఇంతదూరం నడిచొచ్చావా?"

"నా నడుం సంగతి నీకెందుకు, అదే పోతుంది. ఎక్కడికో బయలుదేరారుగా, పదండి. నేనూ వస్తాను."

"నువ్వెందుకమ్మా..."

"ఆ ఇంటి ముందు కారు ఆగగానే నేనే ముందు దిగుతాను. తలుపేసుకోమని పిల్ల తల్లికి చెప్తాను. అప్పటిదాకా చచ్చినా దిగను."

మిత్రులిద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. "మాట మీద ఉంటావా పిన్నీ?" అన్నాడు కుబత్. ఉంటానంది. అతను వచ్చి పక్కన కూర్చుని తలుపు వేశాడు.

పెళ్ళీడు పిల్లలున్న ఇల్లు వచ్చినప్పుడల్లా సైరాగుల్ ఊపిరి బిగబట్టింది. ఏ ఇంటి ముందూ కారు ఆగలేదు. ఊరు దాటింది. బిష్కెక్ నగరానికి పోయే కనుమ దారిలో గుంటలు మొదలవగానే కళ్ళు మూసుకుని నడుం పట్టుకుంది. కుదుపు రాలేదు. తలగడ వీపుకు సరిగ్గా అమరింది. దాంతో అనుమానం ఇంకా పెరిగింది. తల్లి కోసం ఏనాడూ ఒక్క మర తిప్పనివాడు, ఏ మహారాణి కోసమో ఇంత చేశాడంటే ఎంతకైనా తెగించాడన్నమాట.

"బిష్కెక్ పిల్లా?" అంది నీరసంగా.

ఎర్మెక్ ముందు సీటులోంచి తెల్ల రుమాలు తీసి వెనక్కి అందించాడు. "కట్టుకో. ఇది లేకుండా పొరుగూరికైనా కదలవని తెచ్చాను. సాయంత్రం బిష్కెక్‌లో నీ నడుం చూస్తానన్నాడు పెద్ద డాక్టరు. ఏడ్చినా వెనక్కి తిప్పను."

కుబత్ అప్పటికే ఆమె భర్తకు ఫోన్ చేశాడు. "కంగారు లేదు బాబాయ్, మాయా మంత్రం ఏదీ అక్కర్లేకపోయింది. పిల్ల తనంతట తనే ఎక్కి కూర్చుంది."