చివరి వరుస వాళ్ళు ముందు

“నా వల్ల కాదు మాస్టారూ. కాళ్ళు ఆడటం లేదు.”

“కాళ్ళతో పనిలేదమ్మా. గొంతు ఆడితే చాలు.”

వేదిక మీద మూసి ఉన్న తెర వెనక ఇద్దరూ నిలబడి ఉన్నారు. నలుగురిలో మాట్లాడడం ఎలాగో నేర్పే మాస్టారాయన. ఆమె బట్టల కొట్లో గుమాస్తా. కౌంటరు దగ్గర గలగలా మాట్లాడే మనిషే, తరగతిలో లేచి నిలబడితే మాత్రం నోరు పెగలదు. ఈరోజు తరగతుల వార్షికోత్సవం. హాలు కిక్కిరిసింది. వక్తల్లోంచి తనని తీసెయ్యమని బతిమాలుకోడానికి తెర వెనక్కి వచ్చి, ఇలా ఇరుక్కుపోయింది.

“మీరే చెప్పెయ్యొచ్చుగా?”

“నేను మేడమీద నాటకానికి ముస్తాబవుతున్న పిల్లల దగ్గరికి వెళ్ళాలి. ఇంకొకర్ని వెతికే టైము లేదు. ఫోన్ చేశాను, వాళ్ళొచ్చేసరికి హాలు ఖాళీగా ఉండాలి.” మాస్టారు గొంతు తగ్గించాడు. “చివరి వరుస మొహాలు చూసి మాట్లాడు. మాటకీ మాటకీ మధ్య ఆగు. నువ్వు తొందరపడితే వాళ్ళూ తొందరపడతారు. మొహం మీద నవ్వు చెదరకూడదు. ఏమైనా సరే, వెనక్కి తిరిగి చూడొద్దు.”

“గొంతు వణికితే?”

“వణికేలోపే ఆగు. ఆగితే ఎవరూ తప్పుపట్టరు.”

ఆయన మెట్లవైపు వెళ్ళిపోయాడు. ఆమె తెర దాటి మైకు ముందుకొచ్చింది. మొదటి వరుసలో భర్త ఒళ్ళో కూర్చున్న కూతురు చెయ్యి ఊపింది.

“అందరికీ నమస్కారం.” ఆ గొంతు తనది కానట్టుంది. ఆగింది. చివరి వరుసలో ఒక పెద్దాయన కళ్ళజోడు తుడుచుకుంటున్నాడు. ఆయనొక్కడికే చెబుతున్నట్టు మొదలుపెట్టింది. “మిగతా కార్యక్రమం బయట మైదానంలో జరుగుతుంది. తలుపులు వెనకే ఉన్నాయి కాబట్టి చివరి వరుస వాళ్ళు ముందు లేవండి. తర్వాత వాళ్ళ ముందు వరుస. సామాన్లు ఉండనివ్వండి, ఎక్కడికీ పోవు.”

“కూర్చోబెట్టి మళ్ళీ లేపడమేమిటో,” అని ఎవరో సణిగారు. కొందరు నవ్వారు. చివరి వరుస లేచింది.

ఒకాయన మాత్రం ఎదురు నడిచి వేదిక దాకా వచ్చాడు. “మావాడు పైనున్నాడండీ.”

“మాస్టారు తీసుకొస్తున్నారు. మీరు బయట ఉండండి.”

ఆయన కాసేపు ఆమె మొహంలోకి చూసి, వెనుదిరిగాడు. ఆమె వీపంతా చెమటతో తడిసిపోయింది. వరుస తర్వాత వరుస పిలుస్తోంది. ఊపిరి సరిపోనప్పుడల్లా ఆగుతోంది.

ఇంతలో భర్త పాపనెత్తుకుని లేచాడు. వేదిక దూకి, పాపని లాక్కుని పరిగెత్తాలనిపించింది ఆమెకి.

“మొదటి వరుస వాళ్ళు కూర్చోండి,” అంది నవ్వుతూ. “మీ వంతు ఇంకా రాలేదు.”

పాప మొహం చిన్నబుచ్చుకుంది. భర్త విసుగ్గా కూర్చున్నాడు.

ఆ వంతు వచ్చి, వాళ్ళిద్దరూ తలుపు దాటాకే ఆమె మైకు వదిలింది.

మైదానంలోకి వచ్చేసరికి పిల్లలు వెనక మెట్ల మీంచి వరుసగా దిగి వచ్చేశారు. మాస్టారు వాళ్ళని లెక్కపెడుతున్నాడు.

“ఈ నాలుగు ముక్కలకేనా అంత వణుకు?” అన్నాడు భర్త.

ఆమె పాపని ఒళ్ళోకి లాక్కుని గడ్డిలో కూలబడింది.

ఎవరో హాలు పైకప్పు వైపు చెయ్యి చూపించారు.

అప్పుడు అందరికీ మంట కనిపించింది.