పలకరాయికి మెత్తలు

“ఆ నీలిది వద్దు సౌభాగ్యమ్మా. మరక పడితే దాగదు. కుంకుమరంగుది ఇట్ల పరుచు.”

కుట్టుపని సౌభాగ్యమ్మ నీలి మఖమలు చుట్టి పక్కన పెట్టి ఎర్ర తాను విప్పింది. మద్రాసు నుంచి రైల్లో వచ్చిన గుడ్డలు గదినిండా ఉన్నాయి. ఏది దేనికో తేల్చాల్సిన ఇంటి ఇల్లాలు రంగనాయకమ్మ గుమ్మం దగ్గర పీట వేసుకుని కూర్చుంది.

ఆమె భర్త వెంకటసుబ్బయ్య గిద్దలూరులో కలప కంట్రాక్టరు. కర్నూలులో ఎవరో దొర బంగళాలో తాగడానికే ఒక గది ఉండటం చూసి వచ్చి, వసారా చివర అలాంటిదే కట్టించాడు. సీసాలకు అద్దాల బీరువా, గ్లాసులు పెట్టుకోవడానికి నడుమెత్తున మార్కాపురం పలకరాయి అరుగు. రాతి అంచులు కత్తుల్లా ఉన్నాయి. గది కట్టి మూడు నెలలైంది. మెత్తలు రాకముందే సీసాలు వచ్చాయి. “ఆ గుడ్డల సంగతి నువ్వు చూడు” అని పెళ్లానికి అప్పగించాడు. పద్నాలుగేళ్ల కాపురంలో ఆయన ఆమె ఇష్టానికి వదిలిన పని అదొక్కటే.

గదికి బయటి నుంచే వాకిలి. ఇంట్లోకి రాకూడని దొరలూ, ఇంట్లోకి రాకూడని ఊరిబయట పాలెం మనుషులూ రావాల్సింది అటే. పాలెం మనిషైనా మార్కాపురం క్రైస్తవ మిషనులో కుట్టు నేర్చింది కాబట్టి సౌభాగ్యమ్మకు ఆ గదిలోకి రావడమైనా దక్కింది.

“తెరలకు ఈ దళసరిది బాగుంటాదమ్మా. లోపలి మాట బయటికి పోదు. అయ్యగారు కూడా అదే చెప్పినారు.”

“పల్చటిది వెయ్యి. వంటింటి దాకా వినపడాల.”

“ఏం వినపడాలమ్మా?”

రంగనాయకమ్మ జంపఖానాల కట్ట ముందుకు లాక్కుని అరచేత్తో తడిమి చూసింది.

“ఇది నున్నగుంది, కాలు జారతాది. ఇది వదులు నేత, పట్టీలు తగులుకుంటాయి. ఈ మందపుది పరుచు.”

ఆమె కాళ్లకు మెట్టెలే ఉన్నాయి. పండగలకు పట్టీలు పెట్టుకుంటుందేమోలే అనుకుంది సౌభాగ్యమ్మ.

“ఇంకొక పనుంది. ఈ అరుగు అంచుకు మెత్త కుట్టాల. ఆ గోడ మూలకూ, బీరువా అంచుకూ కూడా.”

“రాతికి మెత్తేందమ్మా? నేనేడా చూళ్లేదు.”

“చూపిస్తా రా.”

రంగనాయకమ్మ లేచి వెలుతురులోకి వచ్చింది. ఎడమ కనుబొమను చీల్చుకుంటూ, మానీ మానని గాయం. సౌభాగ్యమ్మ దాన్ని చూసింది. గోడ మూల చూసింది. మెత్తలు ఎవరి కోసమో ఆమెకు అర్థమైంది. చనిపోయిన తన మొగుడు తననూ తక్కువ కొట్టలేదు.

“ఎంతెత్తున కుట్టాలమ్మా?” అంది మెల్లగా.

మొన్న పుట్టింటి నుంచి, కొమరోలు నుంచి, తెచ్చుకున్న సంచిలో చెయ్యి పెట్టి రంగనాయకమ్మ ఒక పురిదారం తీసింది. దానికి మూడు ముడులున్నాయి. అంటు తగలకుండా దాన్ని అరుగు మీద పెట్టింది.

“కొస నేలకు ఆనించి పట్టు. మొదటి ముడి నడుము. రెండోది భుజం. మూడోది కనుబొమ. ఆ ఎత్తుల్లో ఏడా రాయి తగలకూడదు.”

సౌభాగ్యమ్మ దారాన్ని గోడకు నిలబెట్టి చూసింది.

“మీ ఎత్తుకు జానెడు తక్కువుండాదమ్మా.”

“దారం ఎంతుంటే అంతే కుట్టు.”

తోసినప్పుడు మనిషి నిటారుగా ఉంటుందా, వంగిపోతుంది కదా. ఆ సంగతి తనకు తెలియంది కాదు. సౌభాగ్యమ్మ సుద్దముక్కతో గోడ మీద గీతలు పెట్టుకుంది. కానీ మనసు ఊరుకోలేదు.

“తప్పుగా అనుకోవద్దమ్మా. శుక్రవారం నేను బండి మీద మార్కాపురం పోతా ఉండా. మిషను డాక్టరమ్మ ఆ దెబ్బ చూస్తాది. నాలుగు దినాలు ఆడనే ఉండొచ్చు. ఎవరూ ఏమీ అడగరు.”

రంగనాయకమ్మ కిటికీ తలుపు దగ్గరికి వేసింది.

“పోవాలని శానాసార్లు అనుకున్నా. ఇప్పుడు పోలేను.”

“మెత్తలతో ఆగేదా ఇది?”

“ఆగదు. ఎముకలు మిగులుతాయి. నువ్వు బుధవారానికి ముగించు.”

సౌభాగ్యమ్మ మూడు రోజులు వంచిన తల ఎత్తకుండా కుట్టింది. మామూలుగా కూరే దానికి రెండింతలు బూరుగుదూది కూరింది. సూది దింపినప్పుడల్లా, ప్రభువా ఈ తల్లిని కాపాడు అని పెదవులు కదిలాయి.

బుధవారం మధ్యాహ్నానికి పని అయిపోయింది. రంగనాయకమ్మ వచ్చి అరుగు అంచును మోచేత్తో బలంగా పొడిచి చూసింది. గోడ మూల దగ్గర వంగి, సుద్దగీత ఎత్తున, గాయం మానని నుదురుతోనే కొట్టుకుని చూసింది. సౌభాగ్యమ్మ కళ్లు మూసుకుంది.

“చాల్లే. బాగా కుట్టినావు” అంది రంగనాయకమ్మ. లోపలికి పోయి ఎర్రపట్టు గుడ్డ తెచ్చింది. “ఇంకొక్కటే. పొద్దుగూకేలోపల దీంతో పావడా కుట్టాల. రేపు మా చెల్లెలి పెళ్లి.”

మూడు రోజుల్లో మొదటిసారి సౌభాగ్యమ్మ మొహం విప్పారింది.

“ఇంత మంచిమాట ఇప్పుడా చెప్పేది? పొడుగు ఎంత పెట్టాలమ్మా?”

రంగనాయకమ్మ గోడవార పడి ఉన్న దారాన్ని తీసి, ఈసారి ఆమె చేతిలోనే పెట్టింది.

“మొదటి ముడి దాకా.”

సౌభాగ్యమ్మ దారాన్ని చూసింది. గోడ మూల మెత్తను చూసింది. ఆ మెత్త ఎత్తు తీసిందీ ఈ దారంతోనే.

“పెళ్లికొడుకు ఎవరమ్మా?”

“మా ఆయనే.”