పూడిక

"నా కొడుకును చూపెట్టేదాకా ఈ పడవ కదలదు!"

పద్మమ్మ పడవ తాడును చేతికి చుట్టుకుని సురంగల్ వాగు ఒడ్డున బురదలోనే చతికిలబడింది. పడవలో పూడిక కొలిచే మిషన్ బిగిస్తున్న ఇంజనీరు సమత తలెత్తి చూసింది. కిందటి వానాకాలం ఈమె కొడుకు నతానియేలు వాగు దాటే కాజ్‌వే మీంచి మోటారుసైకిలు బండితో సహా కొట్టుకుపోయాడనీ, శవం దొరకలేదనీ పడవ నడిపే సాలోమోను మెల్లగా చెప్పాడు.

"అమ్మా, ఇది మనుషులను వెతికే మిషన్ కాదు. నీళ్లలోకి చప్పుడు పంపిస్తది. అది మట్టి రేణువులకు తగిలి తిరిగొస్తది. నీళ్లు ఎంత లోతున్నయి, ఎంత జోరుగ పోతున్నయి, మట్టిని ఎటు మోస్తున్నయి, అంతే చెప్తది."

"మట్టి ఏడికి పోయిందో చెప్పేదానికి, నా బిడ్డ ఏడికి పోయిండో తెల్వదా?"



"పద్మా, లే. వాళ్ల పని వాళ్లను చేస్కోనియ్యి," వెనక నిలబడ్డ భర్త మల్లప్ప బతిమాలాడు. "పోయినోడు పోయిండు."

"సమాధుల తోటల ఇంత మట్టన్న ఎయ్యాలె గదయ్యా!"

సమత ఇద్దరినీ పడవ ఎక్కించుకుంది. కాజ్‌వే దిగువన వాగు మలుపు తిరిగేచోట నీటి వేగం తగ్గిపోతోంది. మోసుకొచ్చిన మట్టినంతా అక్కడే దించేస్తోంది. ఏది కొట్టుకొచ్చినా ఆగేది అక్కడే. సాలోమోను వెదురు గడతో చాలాసేపు పొడిచి చూశాడు. గడ మెత్తటి పూడికలోకి దిగింది తప్ప దేనికీ తగల్లేదు.

ఎగువన కొలత మిగిలిపోయిందని సమత పడవను కాజ్‌వే అవతలికి మోయించింది.

"అటెందుకు మేడం? ఇగ చాలు," అన్నాడు మల్లప్ప. పద్మమ్మ అప్పటికే పడవెక్కి కూర్చుంది.

కాజ్‌వేకు బాగా ఎగువన, నీళ్లు కదిలీ కదలని మడుగులో, మిషన్ తెరమీద వాగు అడుగు ఒక్కసారిగా ఎత్తుగా కనిపించింది. గడకు ఇనుము తగిలింది. ఊళ్లోవాళ్లు తాళ్లు కట్టి లాగారు. బురద కారుతూ నతానియేలు బండి ఒడ్డుకొచ్చింది.

పద్మమ్మ దాన్ని కరుచుకుని బావురుమంది.

"కాజ్‌వే మీద పడ్డ బండి కిందికి పోవాలె," సమత తనలో తాను అనుకుంటున్నట్టు పైకే అనేసింది. "నీళ్లు పైకి మోయవు గదా!"

పద్మమ్మ ఏడుపు ఆగిపోయింది. భర్త వైపు తిరిగింది.

"కొట్టుకపోంగ కండ్లార చూసిన అన్నవు గదయ్యా?"

మల్లప్ప తల దించుకున్నాడు.

"బండిని మడుగుల నూకింది నేనే. మేమిద్దరం కొట్లాడినం. కట్టె తీస్కొని కొట్టిన. పానం పోయింది. మన చేను గట్టున బొంద పెట్టిన."

పద్మమ్మ అతని చొక్కా పట్టుకుని రెండు చేతులా కొట్టింది. మొహాన ఉమ్మింది. చివరికి సొమ్మసిల్లి పడిపోతే ఆడవాళ్లు ఇంటికి మోసుకుపోయారు.

మొయినాబాద్ నుంచి పోలీసు జీపు రావాలి. మల్లప్ప ఒడ్డున కూర్చున్నాడు. అతని దగ్గరికి ఎవరూ రాలేదు. ఇదంతా తనవల్లే జరిగిందన్న బాధతో సమత వెళ్లి పక్కన కూర్చుంది.

"బాపూ, కన్నకొడుకును కొట్టి చంపేటోని లెక్క లేవు నువ్వు. నిజం చెప్పు. రేపు తవ్వి తీసినంక పోలీసోళ్లకైనా తెలుస్తది."

మల్లప్ప భార్యను తీసుకువెళ్లిన దారి వైపు చూశాడు. ఆమె వినేంత దూరంలో లేదని నమ్మకం కుదిరాక గొంతు తగ్గించాడు.

"పురుగుల మందు తాగిండు బిడ్డా. ఆ పొద్దు కోపంల వాళ్లమ్మ 'పోయి సావురా' అన్నది... నన్ను తిట్టుకుంటనన్న అది బతకాలె."