గట్టు మీద నల్లరాళ్ళు

డాన్యూబ్ నది గట్టు మీద బాట వేయడానికి వచ్చిన ఏటి కంకరను మేస్త్రీ టుడొరెల్ లారీల కొద్దీ పక్కదారి పట్టించాడు. విల్లా కట్టుకుంటున్న పళ్ళ డాక్టరుకి దాన్ని ఇచ్చి, బదులుగా ఆయన పాత డాచియా కారు తెచ్చుకున్నాడు. కారెక్కడిదని అడిగిన వాళ్ళకి, భార్య మేనత్త పోతూ పోతూ ఇచ్చిందని చెప్పాడు. ఆ మేనత్త పక్క ఊరి చర్చిలో ఇంకా గొంతు చించుకుని పాడుతూనే ఉంది.

కంకర లోటు పూడ్చడానికి ఉక్కు ఫ్యాక్టరీ వెనక కుప్ప ఉండనే ఉంది. ఉక్కు కరిగించాక మిగిలిన నల్లటి చిట్టెం రాళ్ళు, ఏళ్ళ తరబడి వానకి నాని ఎండకి ఎండి పడున్నాయి. అడిగే నాథుడు లేడు. వాటినే సిమెంటులో కలిపి బాట పోసేశాడు.

ఆ తర్వాత కంటి మీద కునుకు లేదు. కాంట్రాక్టరు జహరియా పరాయివాడా? దగ్గరుండి తన పెళ్ళి చేయించి, కొండల్లోని పల్లె నుంచి తనను తెచ్చి పనిచ్చిన పెద్దమనిషి. ఇంకా ఏడాదైనా తిరగకముందే ఆయన నోట్లో మట్టి కొట్టానే అని కుమిలిపోయాడు. చలికాలమంతా గట్టు వైపు కన్నెత్తి చూడకుండా చుట్టూ తిరిగి పనికి వెళ్ళాడు. ఆ చెత్తరాళ్ళ బాట మంచుకి ఏ గతి పట్టి ఉంటుందో తలుచుకుంటేనే చెమటలు పట్టేవి.

మంచు కరగగానే కబురొచ్చింది.

జహరియా బల్ల మీద పిడి విరిగిన సమ్మెట, పక్కన బాట అంచు నుంచి తెచ్చిన చిన్న పెచ్చు ఉన్నాయి. పెచ్చులో నల్లరాళ్ళు కనిపిస్తున్నాయి. ఆయన ప్లమ్ సారా తనొక్కడికే పోసుకున్నాడు. అది చూసి టుడొరెల్‌కి సగం ప్రాణం పోయింది.

"ఏం కలిపావురా ఇందులో?"

టుడొరెల్ డాచియాతో సహా అంతా కక్కేశాడు. కారు ఇచ్చేస్తానన్నాడు, జైలుకి మాత్రం పంపొద్దని కాళ్ళ మీద పడ్డాడు.

"కారెవడిక్కావాలిరా. పొద్దున మేయరుగారు గట్టంతా నడిచి చూశారు. ఆయన ముఖంలో నెత్తురు చుక్క లేదు."

"తప్పైపోయింది పెద్దయ్యా. పగిలిందంతా నా చేతుల్తో తవ్వి, మళ్ళీ కొత్తగా పోస్తాను."

జహరియా గ్లాసు ఖాళీ చేసి కళ్ళు తుడుచుకున్నాడు.

"పగిలితే నాకీ ఏడుపెందుకురా దరిద్రుడా? ఏటా మంచు కరిగేసరికి ఆ బాట పగిలితేనే కదా మనకి మళ్ళీ పని, మేయరుగారికి మళ్ళీ వాటా. ఒక్క బీట కూడా పడకుండా పోసి చచ్చావు."